వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ పరీక్ష: ఎవరూ ఎంచుకోని కాన్ఫిగరేషన్‌తో మొదలుపెట్టండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మాదాపూర్‌లో చిన్న సంస్థ, ముగ్గురు టెస్టర్లు. క్యూఎమ్యూ (కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను నడిపే ఉచిత ప్రోగ్రాం) మీద కట్టిన వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌ను ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబులకూ, విద్యార్థుల ల్యాప్‌టాప్‌లకూ ఇవ్వబోతున్నారు. పాత వెర్షన్ ఒకటి ఇప్పటికే ఒక కాలేజీలో నడుస్తోంది. కొత్తది విడుదల కావడానికి రెండు వారాలు ఉంది. "సాధారణంగా వాడే అన్ని కాన్ఫిగరేషన్లలోనూ పరీక్షించండి" అని మేనేజర్ చెప్పారు. చేతిలో నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి. జాబితా రాసుకుంటే పదహారు వందల పైచిలుకు వరుసలు వచ్చాయి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి?

నేను పదిహేడేళ్లుగా హైదరాబాద్‌లో ఈ పనిలోనే ఉన్నాను. మీ జాబితాలో ఉన్నవన్నీ ఎవరో ఒకరు కోరి ఎంచుకునే కాన్ఫిగరేషన్లు. క్యూ35 అనే కొత్త తరం మదర్‌బోర్డు, వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన విర్టియో డిస్కు, కంప్యూటర్‌ను మొదలుపెట్టే కొత్త తరం ఫర్మ్‌వేర్ యూఈఎఫ్‌ఐ, నాలుగు కోర్లు. ఇవి మీకూ నాకూ నచ్చేవి. మీ సాఫ్ట్‌వేర్ వాడబోయే విద్యార్థి వీటిలో ఒక్కటీ ఎంచుకోడు. ఇన్‌స్టాల్ చేసి, నెక్స్ట్ నొక్కుకుంటూ పోతాడు. మీరు ఏమీ చెప్పని చోట సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఏది పెట్టుకుంటుందో అదే అతని కాన్ఫిగరేషన్. పరీక్ష అక్కడ మొదలు కావాలి.

ఈరోజే ఒక చిన్న పని చేయండి. ఏ ఆప్షనూ ఇవ్వకుండా, డిస్కు ఫైలు పేరు మాత్రం చెప్పి క్యూఎమ్యూను నడపండి. లోపల తయారయ్యే యంత్రం చిప్‌సెట్ ఐ440ఎఫ్‌ఎక్స్. ఇంటెల్ దాన్ని 1996లో తెచ్చింది. మెమరీ 128 ఎంబీ. ప్రాసెసర్ పేరు క్యూఎమ్యూ64. నెట్‌వర్క్ కార్డు ఈ1000. వర్చువల్ మెషీన్ల కోసం ప్రాసెసర్ ఇచ్చే హార్డ్‌వేర్ సాయం మీరు అడిగితే తప్ప తీసుకోదు. గెస్ట్, అంటే లోపల నడిచే సిస్టమ్, ఇచ్చే ప్రతి ఆదేశాన్నీ టీసీజీ అనే అనువాదకం ద్వారా మార్చుకుంటూ నడుపుతుంది. ఇందులో ఏదీ తప్పు కాదు. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లతో సహా ఎక్కువ వాటితో సర్దుకుపోవడానికి అలా పెట్టారు. కానీ మీ సాఫ్ట్‌వేర్ వీటిలో వేటిని మారుస్తోంది, వేటిని అలాగే వదిలేస్తోంది అన్నది మీకు తెలిసి తీరాలి. డెవలపర్‌ను అడగవద్దు. మీ సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా క్యూఎమ్యూ ప్రాసెస్‌కు అందిన పూర్తి కమాండ్ లైన్‌ను (ఆప్షన్లన్నీ ఉన్న ఆదేశాన్ని) తీసి, ప్రింటు వేసి, గోడకు అంటించండి. అందులో కనిపించని ప్రతి అంశమూ డిఫాల్ట్‌లో ఉన్నట్టే.

ప్రాసెసర్ మోడల్ అలా వదిలేస్తే ఏమవుతుందో చూడండి. 2022లో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, దాన్ని అనుసరించే ఆల్మా లినక్స్ 9, రాకీ లినక్స్ 9 అన్నీ ఎక్స్86-64-వీ2 స్థాయి ప్రాసెసర్‌ను కోరతాయి. క్యూఎమ్యూ64 ఆ స్థాయికి రాదు, ఎస్‌ఎస్‌ఈ 4.2 వంటి ప్రాసెసర్ ఆదేశాలు అందులో ఉండవు. గెస్ట్ బూట్ అవడం మొదలవుతుంది, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వరుసలు గబగబా దొర్లుతాయి, అంతలో ఈ ప్రాసెసర్ చాలదని గ్లిబ్‌సీ అనే మూల లైబ్రరీ ఒక్క వాక్యం చెబుతుంది, వెనువెంటనే కెర్నల్ పానిక్, అంటే సిస్టమ్ మొత్తం ఆగిపోతుంది. విద్యార్థి తన ల్యాప్‌టాప్ పాడైందనుకుంటాడు. అతని అసలు ప్రాసెసర్‌కు ఆ ఆదేశాలన్నీ తెలుసు. గెస్ట్‌కు వాటిని చూపించలేదు, అంతే. మీ ఆఫీసులో ఇది బయటపడదు. మీరందరూ హోస్ట్ (గెస్ట్‌ను మోసే అసలు కంప్యూటర్) ప్రాసెసర్‌ను ఉన్నదున్నట్టు గెస్ట్‌కు చూపించే మోడ్‌లో నడుపుతుంటారు.

డిఫాల్ట్‌గా ఉన్నది ఎవరూ వాడరులే అనుకోవడం ఎంత ప్రమాదమో 2015 మే నెలలో లోకమంతా చూసింది. వెనమ్ అని పేరు పెట్టిన ఆ భద్రతా లోపం క్యూఎమ్యూలోని ఫ్లాపీ డిస్క్ కంట్రోలర్‌లో ఉంది. ఆ కోడ్ 2004 నుంచీ అక్కడే ఉంది. అప్పటికి ఫ్లాపీ వాడేవాళ్లు ఎంతమంది? అయినా ఆ కంట్రోలర్ చాలా యంత్రాల్లో ఉండనే ఉంది. ఫ్లాపీ డ్రైవ్‌ను తీసేసినా కొన్ని చోట్ల కోడ్ అందుబాటులోనే ఉండిపోయింది. గెస్ట్‌లో తగిన అధికారం ఉన్నవాడు దాని ద్వారా హోస్ట్‌లోని ప్రాసెస్‌ను కూల్చగలడు, అంతకు మించి కూడా వెళ్లగలడు. ఎవరూ వాడని పరికరాన్ని ఎవరూ పరీక్షించలేదు. అందుకే అది పదేళ్లకు పైగా బతికింది.

నా అనుభవంలోనిది ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం నగర శివార్లలోని ఒక కాలేజీ ల్యాబులో మేము ముప్పై కంప్యూటర్లలో మా వర్చువల్ మెషీన్ పెట్టాం. కాలేజీ నెట్‌వర్క్ నుంచి నేరుగా చిరునామా రావాలని బ్రిడ్జ్ మోడ్ ఎంచుకున్నాం. మొదటి విద్యార్థి మొదలుపెట్టగానే అంతా సవ్యంగా నడిచింది. రెండో అమ్మాయి మొదలుపెట్టింది. మొదటి అబ్బాయి డౌన్‌లోడ్ ఆగిపోయింది. అతను రీలోడ్ నొక్కాడు. ఈసారి ఆమెది ఆగింది. పది నిమిషాల్లో గదంతా గోల. నెట్‌వర్క్ స్విచ్ చెడిపోయిందన్నారు, కేబుల్ వదులైందన్నారు, వైరస్ అన్నవారూ ఉన్నారు. నేను పక్కపక్కన ఉన్న రెండు స్క్రీన్ల ముందు కుర్చీ వేసుకుని, రెండింటి నెట్‌వర్క్ వివరాలూ కాగితం మీద పెన్నుతో రాశాను. మొదటి స్క్రీన్ మీద మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) 52:54:00:12:34:56. రెండో స్క్రీన్ మీద అంకెలు ఒక్కొక్కటే రాస్తున్నాను, నాలుగో జంట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. రెండూ ఒకటే. ముప్పై యంత్రాలకూ ఒకటే.

మ్యాక్ అడ్రస్ చెప్పకపోతే క్యూఎమ్యూ మొదటి నెట్‌వర్క్ కార్డుకు ఇచ్చే చిరునామా అదే. స్విచ్ ఆ చిరునామాను చివరిసారి ఏ పోర్టులో చూస్తే ప్యాకెట్లన్నీ ఆ పోర్టుకు పంపుతుంది. అందుకే ఎవరు చివరగా మాట్లాడితే వాళ్లకే ఇంటర్నెట్. మా ఆఫీసులో అన్ని పరీక్షలూ పాసయ్యాయి, ఎందుకంటే ఎప్పుడూ ఒకసారికి ఒక్క గెస్ట్‌నే నడిపాం. "ఒక్కటి" అన్నది కూడా మేము ఎంచుకోకుండా ఉండిపోయిన కాన్ఫిగరేషనే. మీ ముగ్గురూ మూడు కంప్యూటర్లలో ఒకే ఇమేజ్‌ను (గెస్ట్‌కు డిస్కుగా పనిచేసే ఫైలు), ఒకే నెట్‌వర్క్‌లో, ఒకేసారి నడపండి. ఇది పావుగంట పని.

తర్వాతి మెట్టు, వాడేవాళ్ల కంప్యూటర్లు ఎలాంటివో తెలుసుకోవడం. ఊహించి రాసే జాబితా మాదాపూర్ జాబితా అవుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి ఒక మధ్యాహ్నం వెళ్లండి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు అమ్మే కొట్ల ముందు నిలబడి, విద్యార్థులూ వాళ్ల నాన్నలూ ఏది కొంటున్నారో చూడండి. ఏ తరం ప్రాసెసర్, ఎంత మెమరీ, ఎస్‌ఎస్‌డీయా పాత హార్డ్ డిస్కా అని రాసుకోండి. సాయంత్రం అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గరి శిక్షణ సంస్థల్లో పరిచయస్థులు ఉంటే, హాస్టల్ నుంచి ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని వచ్చే పిల్లల యంత్రాలు ఒక పది చూడండి. దీనికన్నా మేలైన దారి మీకు ఇప్పటికే ఉంది. పాత వెర్షన్ నడుస్తున్న కాలేజీలో ల్యాబ్ ఇన్‌చార్జిని అడిగి, ప్రతి కంప్యూటర్‌లోనూ విండోస్ వారి సిస్టమ్‌ఇన్‌ఫో కమాండ్ ఫలితాన్ని ఒక ఫైలులో దాచి పంపమనండి. దాని చివరి వరుసల్లో మీకు కావలసిన రహస్యం ఉంటుంది: బయోస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగుల్లో) వర్చువలైజేషన్, అంటే ఆ హార్డ్‌వేర్ సాయం, ఆన్‌లో ఉందా, లేక హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే పొర) ఒకటి ఇప్పటికే నడుస్తోందా.

ఆ రెండు సంగతులూ మెమరీ కన్నా, ప్రాసెసర్ కన్నా ముఖ్యం. వర్చువలైజేషన్ బయోస్‌లో ఆఫ్‌లో ఉన్న యంత్రంలో మీ గెస్ట్ పూర్తిగా టీసీజీ మీద నడుస్తుంది; నలభై సెకన్లలో అయ్యే బూట్ నిమిషాలకు నిమిషాలు పడుతుంది, మీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడో పెట్టిన 60 సెకన్ల గడువు దాటిపోతుంది, గెస్ట్ బూట్ అవుతూ ఉండగానే "విఫలమైంది" అన్న కిటికీ తెరుచుకుంటుంది. విండోస్‌లో క్యూఎమ్యూకు వేగం రావాలంటే విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫాం అనే ఫీచర్ కూడా ఆన్‌లో ఉండాలి. దాన్ని ఆన్ చేస్తే, అదే ల్యాప్‌టాప్‌లో విద్యార్థి ముందే పెట్టుకున్న వర్చువల్‌బాక్స్ అనే మరో వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ విండోస్ సొంత హైపర్‌వైజర్ హైపర్-వీ మీదుగా నడవడం మొదలుపెట్టి, కింద వరుసలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ చూపిస్తుంది, నెమ్మదిస్తుంది. ఆ ఫిర్యాదు మీ దగ్గరికే వస్తుంది.

కాబట్టి మీ నాలుగు కంప్యూటర్లనూ ఒకేలా ఉంచకండి. ఒకటి, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆపేసిన విండోస్. రెండోది, హైపర్‌వైజర్ ప్లాట్‌ఫాం ఆన్‌లో ఉన్న విండోస్. మూడోది, కేవీఎంతో (లినక్స్‌లో హార్డ్‌వేర్ సాయం అందించే భాగం) లినక్స్. నాలుగోది మీ దగ్గర లేకపోతే సీటీసీలో కొనిపించండి: 8 జీబీ మెమరీ, తిరిగే హార్డ్ డిస్కు, బ్యాటరీ అరిగిపోయిన పాత ల్యాప్‌టాప్. మేనేజర్ కాదంటే నా మాటగా చెప్పండి. నా పదిహేడేళ్లలో ఎక్కువ లోపాలు పట్టిచ్చింది అలాంటి యంత్రమే. ఆపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లు మీ లెక్కలో గట్టిగా కనిపిస్తేనే వాటి జోలికి వెళ్లండి. అక్కడ ఎక్స్86 గెస్ట్‌కు హార్డ్‌వేర్ సాయం దొరకదు, అంతా అనువాదమే. అది వేరే పరీక్షా పథకం అవుతుంది.

ఇక మీ పదహారు వందల వరుసల సంగతి. 5 గెస్ట్ సిస్టమ్‌లు, 2 ఫర్మ్‌వేర్లు, డిస్కును కలిపే 3 బస్సులు (తీరులు), 3 నెట్‌వర్క్ కార్డులు, 3 ప్రాసెసర్ మోడళ్లు, 3 డిస్కు క్యాష్ మోడ్‌లు (రాతలను కాసేపు మెమరీలో ఉంచే తీరులు), హార్డ్‌వేర్ సాయం ఉండడం, లేకపోవడం. గుణిస్తే 1620. ఒక్కోదానికి 20 నిమిషాలు వేసుకున్నా 540 గంటలు. నాలుగు యంత్రాల మీద రాత్రింబవళ్లు నడిపితే ఐదున్నర రోజులు. రెండు వారాల్లో సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ మూడో రోజున డెవలపర్ కొత్త బిల్డ్ (సాఫ్ట్‌వేర్ కొత్త ప్రతి) ఇస్తాడు, అప్పటిదాకా చేసినదంతా పాత బిల్డ్ లెక్కలోకి పోతుంది. పైగా టీసీజీ మీద నడిచేవి 20 నిమిషాల్లో అయ్యేవి కావు.

జంటల పద్ధతి వాడండి. ఏ రెండు అంశాలు తీసుకున్నా, వాటి అన్ని జంటలూ కనీసం ఒకసారి ఎదురయ్యేలా వరుసలను ఎంచుకోవడం. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పిక్ట్ అనే చిన్న పనిముట్టుకు అంశాల జాబితా ఇస్తే వరుసలు అదే రాసిస్తుంది. మీ లెక్కలో కనీసం 15 వరుసలు తప్పవు, ఎందుకంటే ఎక్కువ ఎంపికలున్న రెండు అంశాల్లో 5, 3 ఉన్నాయి, వాటి జంటలే 15. కాస్త ఎక్కువైనా ఆ దరిదాపుల్లోనే వస్తాయి. కుదరని కలయికలను ముందే తీసేయమని దానికి చెప్పాలి. విండోస్ 11కు యూఈఎఫ్‌ఐ, టీపీఎం 2.0 భద్రతా చిప్, కనీసం 4 జీబీ మెమరీ కావాలి కాబట్టి దాన్ని పాత బయోస్‌తో జత చేసిన వరుస వల్ల ఉపయోగం లేదు. మూడు అంశాలు కలిస్తేనే బయటపడే లోపాలు ఈ పద్ధతికి చిక్కకపోవచ్చు. అనుమానం ఉన్న మూడింటి కలయికలను మీ చేత్తో చేర్చండి. అక్కడ మీ అనుభవమే పనిముట్టు.

"పాస్" అంటే ఏమిటో ముందే రాసి పెట్టుకోండి. బూట్ అయి లాగిన్ తెర కనిపించడాన్ని నేను పాస్‌గా ఒప్పుకోను. గెస్ట్ లోపల ఒక పెద్ద ఫైలు రాసి దాని చెక్‌సమ్ (ఫైలు చెడలేదని చూపే సంఖ్య) సరిపోవాలి, నెట్‌వర్క్ నుంచి ఒక ఫైలు దిగి దాని చెక్‌సమ్ కూడా సరిపోవాలి, లోపలి నుంచి రీబూట్ చేస్తే తిరిగి రావాలి, బయటి నుంచి షట్‌డౌన్ అడిగితే మర్యాదగా ఆగాలి, గడియారం సరిగ్గా ఉండాలి. పింగ్‌ను (అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూసే కమాండ్) పరీక్షగా పెట్టుకోకండి. క్యూఎమ్యూ డిఫాల్ట్ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ పనిచేస్తున్నా బయటి ప్రపంచానికి పింగ్ వెళ్లకపోవడం మామూలే.

గడియారం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది మన దేశంలో కొట్టొచ్చినట్టు కనబడే లోపం. క్యూఎమ్యూ గెస్ట్‌కు చూపించే హార్డ్‌వేర్ గడియారం డిఫాల్ట్‌గా యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. లినక్స్ దాన్ని యూటీసీగానే చదువుకుంటుంది. విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. హైదరాబాద్‌లో ఉదయం 11 గంటలకు విండోస్ గెస్ట్ తెరిస్తే మూలన 5:30 కనిపిస్తుంది. మన ఆఫీసుల్లో దీన్ని ఎవరూ గమనించరు. ఇంటర్నెట్ ఉంటే విండోస్ కాసేపటికి సమయాన్ని సరిచేసుకుంటుంది. మీరు స్క్రీన్ చూసే సరికే అంతా బాగుంటుంది. పరీక్షల రోజున కాలేజీ ల్యాబులో ఇంటర్నెట్ కట్ చేస్తారు. అప్పుడు విద్యార్థి దాచిన ఫైలు మీద తెల్లవారుజామున 5:30 అని పడుతుంది, లోపల కెర్బరోస్ (సర్వర్ ద్వారా గుర్తింపు సరిచూసే పద్ధతి) లాగిన్ వాడుతుంటే అసలు లాగినే కాదు, ఎందుకంటే దానికి మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఓర్పు. మందు తేలిక: విండోస్ గెస్ట్‌కు హార్డ్‌వేర్ గడియారం స్థానిక సమయంలో ఉండాలని చెప్పడం. పరీక్ష కూడా తేలికే, నెట్‌వర్క్ కేబుల్ తీసేసి బూట్ చేయండి. ఆ తర్వాత గెస్ట్ నడుస్తుండగా ల్యాప్‌టాప్ మూత మూసి, భోజనానికి వెళ్లి వచ్చి, మూత తెరిచి మళ్లీ గడియారం చూడండి.

ఇప్పుడు కరెంటు సంగతి. మా బృందం బాగా దెబ్బతిన్నది ఇక్కడే. ఒక పాత ఉద్యోగంలో, ఇమేజ్‌లు వేగంగా నడవాలని డిస్కు క్యాష్‌ను అన్‌సేఫ్ మోడ్‌లో పెట్టాం. ఈ మోడ్‌లో గెస్ట్ "ఇది డిస్కు మీద పడిందా" అని ఎన్నిసార్లు అడిగినా క్యూఎమ్యూ "పడింది" అని చెప్పేస్తుంది, నిజంగా పడేదాకా ఆగదు. దాని పేరులోనే హెచ్చరిక ఉంది, మాకూ తెలుసు, అందుకే జాగ్రత్తగా పరీక్షించామని నమ్మాం. గెస్ట్ లోపల డిస్కు మీద రాస్తూ ఉండగా బయటి నుంచి క్యూఎమ్యూ ప్రాసెస్‌ను 9వ నంబరు సిగ్నల్‌తో చంపేవాళ్లం. మళ్లీ తెరిచి చూసేవాళ్లం. రెండు వందల సార్లు చేశాం. ఒక్కసారీ ఇమేజ్ చెడలేదు. ఆ ఫలితాన్ని రిపోర్టులో నేనే రాశాను. మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలి వాన వచ్చి, ఆ ఇమేజ్‌లు వాడుతున్న కాలేజీ ల్యాబులో కరెంటు పోయింది, యూపీఎస్ అందుకోలేదు. మర్నాడు ఉదయం చూస్తే, ఏడు యంత్రాల్లో గెస్ట్ బూట్ కాలేదు. పిల్లలు సెమిస్టర్ అంతా చేసిన ప్రాజెక్టులు వాటిలో ఉన్నాయి. రెండింటిని మాత్రమే పూర్తిగా తిరిగి తేగలిగాం.

మా పరీక్షలో లోపం ఎక్కడుందో అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. ప్రాసెస్‌ను చంపినప్పుడు పోయేది ఆ ప్రాసెస్ ఒక్కటే. అది హోస్ట్ కెర్నల్‌కు అప్పటికే అప్పగించిన డేటా పేజ్ క్యాష్‌లో (కెర్నల్ డేటాను కాసేపు ఉంచే మెమరీ) భద్రంగా ఉంటుంది, కెర్నల్ దాన్ని తీరిగ్గా డిస్కు మీద రాస్తుంది. కరెంటు పోయినప్పుడు పేజ్ క్యాష్‌తో సహా పోతుంది. మేము రెండు వందల సార్లు చేసింది కరెంటు పోయే పరీక్ష కానే కాదు.

సరైన పరీక్ష ఇలా చేయవచ్చు. లినక్స్ కంప్యూటర్ మీద ఒక వర్చువల్ మెషీన్ పెట్టండి. దీన్ని మధ్య యంత్రం అందాం. దాని లోపల మీ సాఫ్ట్‌వేర్, దాని లోపల గెస్ట్. ఇప్పుడు బయటి కంప్యూటర్ నుంచి మధ్య యంత్రాన్ని చంపండి. మీ సాఫ్ట్‌వేర్ దృష్టిలో హోస్ట్ కరెంటు పోయినట్టే, ఎందుకంటే ఆ మధ్య యంత్రం పేజ్ క్యాష్ మొత్తం మాయమవుతుంది. దీన్ని రాత్రంతా స్క్రిప్టుతో వందల సార్లు చేయవచ్చు, ప్లగ్గు పీకనక్కర్లేదు. గెస్ట్ లోపల ఒక చిన్న ప్రోగ్రాం 1, 2, 3 అని అంకెలు రాస్తూ, ప్రతి అంకె తర్వాత దాన్ని డిస్కు మీదికి నెట్టమని అడిగి, "పడింది" అని జవాబు వచ్చాకే ఆ అంకెను నెట్‌వర్క్ ద్వారా బయటి కంప్యూటర్‌కు పంపాలి. చంపి, లేపి, చూడండి. బయటికి చేరిన చివరి అంకె 4812 అయితే గెస్ట్ డిస్కులో 4812 ఉండి తీరాలి. 4813 ఉన్నా పరవాలేదు. 4790 దగ్గర ఆగిపోయి ఉంటే మీ సాఫ్ట్‌వేర్ గెస్ట్‌కు అబద్ధం చెప్పింది. దానితో పాటు క్యూఎమ్యూ-ఇమ్‌జీ పనిముట్టుతో ఇమేజ్‌ను తనిఖీ చేయండి. లీక్ అని వస్తే కొంత చోటు వృథా అయిందని అర్థం, దాన్ని సరిచేయవచ్చు. కరప్షన్ (డేటా చెడిపోవడం) అని వస్తే విడుదల ఆపండి. మేనేజర్ ఏమన్నా సరే, ఆపండి. పిల్లల ముఖాలు చూసినవాడిగా చెబుతున్నాను. ఇదంతా అయ్యాక ఆ పాత ల్యాప్‌టాప్ మీద బ్యాటరీ తీసి, ఓ పదిసార్లు నిజంగానే ప్లగ్గు పీకండి, హార్డ్ డిస్కు తనవైపు నుంచి ఏం చేస్తుందో కూడా తెలుస్తుంది.

డిస్కు నిండిపోవడం కూడా ఇలాంటిదే, కానీ చిన్నది. క్యూకౌ2 (క్యూఎమ్యూ సొంత డిస్కు ఫైలు రకం) ఇమేజ్ వాడినకొద్దీ పెరుగుతుంది. గెస్ట్‌లో 20 జీబీ ఖాళీ అని కనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌లో నిజంగా మిగిలింది 3 జీబీ. చోటు అయిపోగానే క్యూఎమ్యూ డిఫాల్ట్‌గా గెస్ట్‌ను ఆపి ఉంచుతుంది, చోటు దొరికాక కొనసాగించవచ్చు. మంచి పద్ధతే, కానీ మీ సాఫ్ట్‌వేర్ ఆ సంగతి తెర మీద చెప్పకపోతే విద్యార్థికి కనిపించేది బిగుసుకుపోయిన కిటికీ. అతను పవర్ బటన్ నొక్కి పట్టుకుంటాడు. 5 జీబీ పార్టిషన్ ఒకటి చేసి, అందులో ఇమేజ్ పెట్టి, నింపి చూడండి.

మిగిలినవి వరుసగా చెప్పేస్తాను, ఒక్కోటి పది నిమిషాల పని. విండోస్ యూజర్ పేరు తెలుగులో ఉన్న అకౌంట్‌లో, పేరు మధ్య ఖాళీ ఉన్న ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేయండి. హోస్ట్‌లో తెలుగు వాక్యం కాపీ చేసి గెస్ట్‌లో అతికించండి, ఒత్తులు, గుణింతాలు చెదరకూడదు. ఇమేజ్‌ను ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు, పిల్లలు ఇమేజ్‌లు పంచుకునేది అలాగే. బ్రిడ్జ్ మోడ్‌ను వైఫై మీద ప్రయత్నించండి, చాలాచోట్ల పనిచేయదు, దానికి ఏ సందేశం చూపిస్తారో తేల్చుకోండి. కాలేజీ నెట్‌వర్క్ 10.0.2 తో మొదలయ్యే చిరునామాలు వాడుతుంటే క్యూఎమ్యూ లోపలి నెట్‌వర్క్‌తో ఢీకొంటుంది, అదీ చూడండి. విండోస్ గెస్ట్‌ను ఐడీఈ అనే పాత తరం డిస్కు మీద పెట్టి, డ్రైవర్ ఎక్కించకుండా విర్టియోకు మార్చి, నీలి తెర వచ్చాక మీ సాఫ్ట్‌వేర్ వెనక్కి మార్చుకోనిస్తుందా లేదా చూడండి. ఎండాకాలం ఏసీ లేని గదిలో గంటసేపు నడపండి. వేడికి ప్రాసెసర్ వేగం తగ్గినప్పుడు ఏ గడువులు దాటుతున్నాయో తెలుస్తుంది.

ప్రతి పరీక్షకూ మూల ఇమేజ్‌ను చదవడానికి మాత్రమే ఉంచి, దాని మీద కొత్త పొర వేసి నడపండి. పరీక్ష అయ్యాక పొరను పారేయండి, ఫెయిల్ అయితే దాచండి. బిల్డ్ నంబరు, క్యూఎమ్యూ వెర్షన్, హోస్ట్ వెర్షన్, పూర్తి కమాండ్ లైన్, మూల ఇమేజ్ చెక్‌సమ్ ఈ ఐదూ లేని ఫెయిల్ రిపోర్టును డెవలపర్ దగ్గరికి తీసుకెళ్లకండి. ఫెయిలైన వరుసను మళ్లీ నడిపేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి.

రెండు వారాలను నేనైతే ఇలా పంచుతాను. మొదటి రెండు రోజులు కమాండ్ లైన్ గోడకెక్కించడం, కాలేజీ నుంచి సిస్టమ్‌ఇన్‌ఫో తెప్పించడం, డిఫాల్ట్‌లను నాలుగు యంత్రాల మీదా లోతుగా చూడడం. తర్వాత మూడు రోజులు కరెంటు, డిస్కు, గడియారం. జంటల వరుసలు రెండో వారంలో ప్రతి రాత్రీ వాటంతట అవే నడవాలి, పగలు మీరు ఫెయిళ్ల మీద కూర్చోవాలి. పదో రోజు తర్వాత వచ్చే ఏ "చిన్న మార్పు"నూ కరెంటు పరీక్ష మళ్లీ నడపకుండా ఒప్పుకోకండి.

చివరి రెండు రోజులు పాత వెర్షన్ కోసం ఉంచండి. ఆ కాలేజీలో పాత వెర్షన్‌తో తయారై, పిల్లలు నెలల తరబడి వాడిన నిజమైన ఇమేజ్‌లు మూడు, వాళ్ల అనుమతితో తెచ్చుకోండి. వాటిలో కనీసం ఒకటి షట్‌డౌన్ చేయకుండా, నడుస్తున్న స్థితిని దాచినదై ఉండాలి. కొత్త వెర్షన్‌లో తెరవండి. లోపలి మెషీన్ రకాన్ని వెర్షన్ నంబరుతో సహా రాసి పెట్టకపోతే, కొత్త క్యూఎమ్యూ తన కొత్త యంత్రాన్ని ఎదురు పెడుతుంది, దాచిన స్థితి అందులో లేవదు. మీరు కొత్తగా తయారుచేసిన శుభ్రమైన ఇమేజ్‌లో ఇది ఎప్పటికీ కనబడదు. పని అయ్యాక, ఈ విడుదలతో నడుస్తున్న స్థితిలో దాచిన ఇమేజ్ ఒకటి మీరే తయారుచేసి పక్కన పెట్టండి. వచ్చే విడుదలలో మొదటి రోజు తెరవాల్సింది దాన్నే.